జాబితాలో రాయని పేర్లు

1987. హనుమకొండలో పరీక్షల ఫలితాలు తయారుచేసే ఒక ఆఫీసులో నేను ప్రోగ్రామర్‌ని. చెప్పులు బయట విడిచి వెళ్లే ఏసీ గది, అందులో ఒక కంప్యూటర్, నాలుగు టెర్మినళ్లు. మార్కులు దిద్దాలంటే పాస్‌వర్డ్, అంటే రహస్య పదం, కొట్టాలి.

ఆ వేసవిలో ముగ్గురు విద్యార్థుల మార్కులు జవాబు పత్రాలతో సరిపోలలేదు. కంప్యూటర్లో ఎవరో మార్చారు. "ఎవరు, ఏ దారిన, ఏం చేయగలరో రాసి తీసుకురా" అన్నారు డైరెక్టర్‌గారు. దీన్నే ఇప్పుడు థ్రెట్ మోడలింగ్ అంటున్నారు. దొంగ కళ్లతో మన ఇంటిని మనమే చూసుకోవడమన్నమాట.

రెండు పేజీలు గొప్పగా రాశాను. గది ఊడ్చే మరియమ్మ దగ్గర తాళంచెవి ఉంటుంది కాబట్టి మొదటి పేరు ఆమెదే. మా సూపరింటెండెంట్‌గారి పేరు రాయలేదు. నేను సెలవు పెట్టినప్పుడు "నీ పాస్‌వర్డ్ జర చెప్పిపో, పని ఆగొద్దు" అని ఆయన అడిగితే, చెప్పింది నేనే. అయినా పెద్దాయన పేరు ఎలా రాస్తాం అనుకున్నాను. నా పేరు రాసుకోవాలన్న ఊహే రాలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. మరియమ్మను మర్నాడే మాన్పించారు.

వారం తర్వాత లాగ్ తిరగేశాను. ఎవరి పేరు మీద ఎప్పుడు ఏం జరిగిందో యంత్రమే అచ్చువేసే కాగితాలవి. ముందే చూడవలసింది, చూడలేదు. నేను నెక్కొండలో పెళ్లికి వెళ్లిన రోజున, నా పాస్‌వర్డ్‌తోనే మార్కులు మారాయి. ఆ కాగితాలు డైరెక్టర్‌గారికి ఇచ్చి, నా పాస్‌వర్డ్ ఎవరికి చెప్పానో కూడా చెప్పాను. సూపరింటెండెంట్‌గారు ఒప్పుకున్నారు, సస్పెండయ్యారు. నాకు మెమో కూడా రాలేదు.

మరియమ్మను మళ్లీ పనికి పిలవడానికి కాజీపేటలో వాళ్లింటికి వెళ్లాను. కుర్చీ తుడిచి వేసింది, చాయ్ ఇచ్చింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"తప్పు నాదే మరియమ్మా. రేపటి నుంచి పనికి రా."

"నా సెలవు కాయితం రాసిచ్చి, ఏలిముద్ర ఏపిచ్చేది మీరే గద సారు. సదువు రానిదాన్ని, ఆ మిషిన్ల మార్కులు ఎట్ల మారుస్త అనుకున్నరు?"

ఖాళీ గ్లాసు నా చేతిలోంచి అందుకుంది.

"నేను రాను సారు. మల్ల ఏమన్న అయితే మొదలు నా పేరే రాస్తరు."

ఆ తర్వాత ఎన్నో ఆఫీసులకు ఇలాంటి జాబితాలు రాశాను. ఎవరికి చేతనవును, ఎవరి చేతిలో దారి ఉంది అని ముందు అడుగుతాను. మొదటి పేరు నాదే రాసుకుంటాను. మరియమ్మ మాత్రం మళ్లీ మా ఆఫీసు గడప తొక్కలేదు.