గంగమ్మతో కొబ్బరికాయల బేరం

ఆ రోజుల్లో సెలవులకు వెళ్ళడమంటే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళడమే. ఇప్పుడు ఫోన్ మీద కాసేపు వేలు ఆడిస్తే గది, పడవ, భోజనం అన్నీ కుదిరిపోతున్నాయి కానీ, నా చిన్నప్పుడు మలేషియాలో మా కుటుంబం మా ఊరు బాగన్ దాతుక్ నుంచి పంగ్‌కోర్ దీవికి కదిలిందంటే, చూసినవాళ్ళు వీళ్ళిక తిరిగి రారనే అనుకునేవారు. బియ్యం, అన్నం కుక్కరు, ఎండుమిరపకాయలు, దుప్పట్లు, అమ్మమ్మ పసుపు డబ్బా, అన్నిటికీ మించి ఒక గోనెసంచి నిండా కొబ్బరికాయలు. (ఎటు చూసినా కొబ్బరిచెట్లున్న దీవికి కొబ్బరికాయలు మోసుకెళ్ళిన ఘనత మాది.) పడవ ఎక్కేటప్పుడు ఆ సంచి చూసి జనం నవ్వితే నేను ఎవరి పిల్లనో తెలియనట్టు దూరంగా నిలబడేదాన్ని. అమ్మమ్మ మాత్రం చలించేది కాదు. "మన సెట్టు కాయ మన కాయ. ఊరోల్ల కాయలో ఏటుంటాదో ఎవులికి తెలుసు?" అనేది.

ఏటా పొడుగు సెలవుల్లో అదే దీవి, అదే ఊరు, అదే ఇల్లు. ఇల్లంటే నాన్నకు తెలిసిన ఒక మలాయ్ ఆవిడ తన ఇంటి వెనక మాకు విడిచిపెట్టే రెండు గదులు. మక్చిక్ అని పిలిచేవాళ్ళం ఆవిడను, మనం పిన్నీ అన్నట్టు. వాకిట్లో ఎండబెట్టిన చిన్నచేపల వాసన ముక్కుకు తగిలితే చాలు, సెలవులు మొదలైనట్టే. కానీ నీళ్ళలో కాలు పెట్టడానికి మాత్రం వీల్లేదు. ముందు అమ్మమ్మ ఒడ్డున ఇసుకతో చిన్న దిబ్బ చేసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "గంగమ్మ తల్లీ, పిల్లల్ని తెచ్చినాను. సూసుకో. మళ్ళీ నాకు ఒప్పసెప్పాల" అని సముద్రంతో ఒప్పందం చేసుకోవాలి. తిరిగి వెళ్ళే రోజు ఇంకో కాయ కొట్టి, ఒప్పందం తీరిందని చెప్పాలి. అన్నేళ్ళూ గంగమ్మతో అంత స్నేహంగా ఉన్న మనిషి, చీలమండ దాటి నీళ్ళలోకి ఒక్కసారైనా దిగలేదు. ఎందుకని అడిగితే, "నానెందుకు, తడిసిపోడానికా?" అనేది.

ఆ ఒప్పందం మీద కూడా ఆవిడకు పూర్తి నమ్మకం ఉండేది కాదు. అందుకని చీర. రెండు పాత నూలుచీరలు ముడేసి, ఒక కొస నా నడుముకు కట్టి, రెండో కొస తన మణికట్టుకు చుట్టుకుని, సరుగుడు చెట్ల కింద చాప మీద కూర్చునేది. మధ్యమధ్య ఒకసారి లాగేది. నేనూ లాగాలి. అంటే బతికే ఉన్నానని. లాగడం మరిచిపోతే నన్ను చీరతో చేపను లాగినట్టు ఒడ్డుకు లాగేసేది. ఏడేళ్ళప్పుడు అదొక ఆట. పదమూడేళ్ళు వచ్చాక, విదేశాలనుంచి వచ్చినవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకుంటుంటే, అది ఆటలా అనిపించలేదు.

పైగా ఆ ఏడు సుంగై పెటాని నుంచి మామయ్య కూతురు కూడా మాతో వచ్చింది. నాకంటే ఏడాది పెద్దది, కనుక వదిన. వదిన అన్నాక మరదలిని ఏడిపించడం జన్మహక్కు. వాళ్ళ బడివాళ్ళు ఈత నేర్పించారట. దూరంగా నీళ్ళలో తాబేలు వీపులాంటి రాయి ఒకటి ఉంటే, అక్కడికి ఈదుకుంటూ వెళ్ళి, కూర్చుని, కాళ్ళాడిస్తూ అరిచేది.

"ఏటే మరదలా! మేకని కట్టీసినారా? గడ్డి తెమ్మంటావేటి?"

"నువ్వూ అమ్మమ్మ మనవరాలివే కదే, నిన్నెందుకు కట్టదు?" అని నేను ఏడుపు గొంతుతో అడిగితే, చాప మీద నుంచి అమ్మమ్మే జవాబు చెప్పేది. "దాన్ని దానమ్మ పెంచింది. ఏటైనా ఐతే దానమ్మే ఏడుస్తాది. నువ్వు నా సేతి పిల్లవి."

ఆ సెలవుల్లో నేనొక నిశ్చయం చేసుకున్నాను. ఊరికి తిరిగి వెళ్ళేలోగా, చీర లేకుండా, ఆ రాయి దగ్గరికి వెళ్ళి కూర్చుంటాను. లేకపోతే జీవితాంతం మేకనే. (పదమూడేళ్ళ వయసులో జీవితాంతం అనే మాట చాలా సులభంగా వస్తుంది.) చీర అందినంత మేర వదిన నా వీపు కింద చెయ్యి పెట్టి తేలడం నేర్పింది. "ఊపిరి పట్టు లా! మెడ వదిలెయ్ లా! శవంలా పడుకో!" అని, మాట మాటకీ మలాయ్‌వాళ్ళలా ఒక 'లా' తగిలించి అరిచేది. నేను శవంలా పడుకోగానే అమ్మమ్మ చీర లాగేది. శవం తిరిగి లాగలేదు కదా. పాఠం అంతటితో ముగిసేది.

చివరి రోజు వచ్చింది. ఉపాయం వదినదే అని నేను ఇప్పటికీ అంటాను, నాదే అని తను ఇప్పటికీ అంటుంది. సాగనంపే పూజకు కాయలు కడగాలి కదా. "నానమ్మా, కాయలన్నీ సముద్రంలో కడిగి తెస్తాం" అంది వదిన, ఎన్నడూ లేని వినయంతో. అమ్మమ్మ మురిసిపోయి, మక్చిక్‌తో, "సూసినావా, పిల్లలకి బుద్ధొచ్చింది" అని తెలుగులోనే చెప్పింది. (వాళ్ళిద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుని, ఎంతో బాగా అర్థం చేసుకునేవారు.) మిగిలిన కాయలున్న గోనెసంచిని ఇద్దరం నడుములోతు నీళ్ళలోకి ఈడ్చుకెళ్ళాం. అక్కడ నా నడుము ముడి విప్పి సంచి మూతికి కట్టాం. పీచు తీసినా ముదురుకాయలు కదా, సంచి హాయిగా తేలింది. అల వచ్చినప్పుడల్లా చీరను లాగింది. నాకంటే మంచి పిల్లలా ఉంది.

రాయి దాకా ఎక్కువ లోతు లేదు, మధ్యలో కొంచెమే కాళ్ళు అందవు. ఆ కొంచెంలోనే వదిన తన చెయ్యి తీసేసింది. తీసేసిన సంగతి కూడా నాకు తెలియలేదు. వెల్లకిలా పడుకుని ఉన్నాను. చెవుల నిండా నీళ్ళు, కళ్ళ నిండా ఆకాశం, ఆ ఆకాశంలో పెద్దముక్కు పక్షి ఒకటి తీరిగ్గా రెక్కలు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. నడుము చుట్టూ ఏమీ లేదు. అంత తేలిగ్గా నేను అంతకుముందు ఎప్పుడూ లేను, ఆ తరువాతా లేను.

ఒడ్డున జరుగుతున్నది మక్చిక్ తరువాత ఏళ్ళ తరబడి అభినయించి చూపించేది. అమ్మమ్మ ఒకసారి లాగింది. సంచి అదేపనిగా లాగింది. "ఈ గుంటకి నేడేటైంది, ఇన్నిమార్లు లాగతంది?" అని నవ్వుకుందట. భోజనానికి పిలవడానికి చీరను చేతికి గట్టిగా చుట్టడం మొదలుపెట్టింది. చుట్టగా చుట్టగా, చీర కొసన కాళ్ళ దగ్గరికి వచ్చింది గోనెసంచి.

ఆ కేక నీళ్ళలో ఉన్న నా చెవులకు కూడా వినబడింది.

"ఓలమ్మో! గంగమ్మ తల్లీ! పిల్లనట్టుకుని కాయలిచ్చీసినావేటే!"

తలెత్తి చూద్దును కదా, అమ్మమ్మ సంచిలోంచి కాయ తీసి సముద్రంలోకి విసురుతోంది. "ఇదిగో నీ కాయ! నా పిల్లనియ్యి!" ఇంకోటి. "ఇదీ అట్టుకో! అన్నీ నీకే! పిల్లనిచ్చీ!" వదిన రాయి మీదికెక్కి పడీపడీ నవ్వుతోంది. కాయలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. నేనూ నవ్వబోయాను. అప్పుడు సంచి ఖాళీ అయింది. ఇవ్వడానికి ఇంకేమీ లేకపోయేసరికి అమ్మమ్మ తానే నడిచి వచ్చేసింది. చీలమండ దాటింది. మోకాలు దాటింది. నడుము దాటింది.

"వస్తన్నాను అమ్మమ్మా! ఇక్కడే ఉన్నాను!" అని అరుస్తూ, తేలుతున్న ఒక కొబ్బరికాయను వాటేసుకుని కాళ్ళు కొట్టుకుంటూ వచ్చాను. (ఈతలో ఆ పద్ధతికి పేరు లేదు, కానీ పనిచేస్తుంది.) నేను చేరేలోగా ఒక అల ఆవిడను కూలదోసింది. నీళ్ళలో అమ్మమ్మ కనబడలేదు. కట్టుకున్న చీర మాత్రం గాలి పట్టి బుడగలా పైకి లేచింది. కాళ్ళకు ఇసుక తగలగానే దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగాను. వెనకే ఈదుకొచ్చిన వదిన నవ్వు మానేసి రెక్క పట్టుకుంది. అమ్మమ్మ దగ్గుతూ, ఉప్పునీళ్ళు ఉమ్ముతూ లేచింది. లేచి చేసిన మొదటి పని నా చెంప మీద ఒకటివ్వడం. రెండోది, అదే చేత్తో నా మొహం తడిమి చూడడం.

"సచ్చిపోనావనుకున్నానే" అంది. అంతే. ఇంకేమీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మోకాలిలోతు దాకా తీసుకొచ్చాక, ఆవిడ ఉన్నట్టుండి అక్కడే నీళ్ళలో చతికిలబడింది. కాళ్ళలో సత్తువ పోయిందేమోనని భయపడ్డాం. అల వచ్చి ఒళ్ళోకి ఎక్కి దిగింది. ఇంకోటి వచ్చింది. అమ్మమ్మ అటూ ఇటూ చూసి, "ఇంత సల్లగా ఉంటాదేటే?" అంది. "ఇన్నేల్లూ ఎవులూ సెప్పలేదేటి?"

సాయంత్రం పడవ దాకా ఆవిడను ఒడ్డుకు తీసుకురావడం ఎవరివల్లా కాలేదు. చీర కొస తన నడుముకు తనే కట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చింది. "గట్టిగా అట్టుకో. నాను లాగితే నువ్వూ లాగాల. మరిసిపోతే తంతాను." గంగమ్మ తిరిగి తెచ్చి ఒడ్డున పడేసిన కాయల్లోంచే ఒకటి కొట్టి సాగనంపే పూజ చేశాం. రాయి మీద నేను ఎప్పుడూ కూర్చోలేదు. వదిన నన్ను మేక అనడం మాత్రం మానేసింది. ఆ రోజు నుంచి కొబ్బరికాయ అంటోంది.

నాకు పెళ్ళయ్యాక, అమ్మమ్మ పోయాక, అమ్మ చెప్పింది. అమ్మమ్మకు ఒక చెల్లెలు ఉండేదట. చిన్నప్పుడు కొబ్బరి ఎస్టేటు కాలువ గట్టు మీద ఇద్దరూ ఆడుకుంటుంటే, అమ్మమ్మ చేతిలోంచి చెల్లెలి చెయ్యి జారి నీళ్ళలో పోయిందట. మణికట్టుకు చీర ఎందుకు చుట్టుకునేదో ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు మేము సైబర్‌జయ నగరంలో ఉంటున్నాం. ఈ బడి సెలవులు మొత్తం ఆ దీవిలోనే, ఆ ఊళ్ళోనే గడపబోతున్నాం. ఐదేళ్ళ మా పాపకు అదే మొదటి సముద్రం. పాప ఈత బడికి వెళ్తోంది, నాకంటే బాగా తేలుతుంది. నేను మాత్రం తేలే చొక్కా కొన్నాను, చేతులకు గాలి బుడగలు కొన్నాను, ఈల కొన్నాను. అయినా ఒకటి గట్టిగా నిశ్చయించుకున్నాను. నీళ్ళలోకి పాపను విడిచిపెడతాను. పక్కనే ఉంటాను, కానీ కట్టను. ఆ పెద్దముక్కు పక్షిని వెల్లకిలా పడుకుని చూసే హక్కు దానికీ ఉంది.

ఈ సాయంత్రం సర్దిన పెట్టె తెరిచి, అడుగున ఉన్న పాత నూలుచీరను పాపే బయటికి లాగింది. "అమ్మా, వై దిస్ వన్ లా?" అంది. (తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అలా వస్తుంది.)

"ఇసుక మీద పరుచుకోడానికి" అన్నాను.

మా ఆయన ఇంకో సంచి ఎత్తబోయి బరువుకు ఆగి, మూతి విప్పి చూసి, నా మొహం చూశాడు. "అక్కడ కొబ్బరికాయలు దొరకవేటి?" అన్నాడు.

దొరుకుతాయి. కానీ బేరం అంటూ పడితే, మన చెట్టు కాయ మన చేతిలో ఉండాలి కదా.