లోవమ్మ అన్న ఆయ్

లోవమ్మ నోట్లో నాలుక లేని మనిషని కొత్తపేటలో ఆ వీధివాళ్ళందరూ అనేవారు. శుద్ధ అబద్ధం. నాలుక ఉంది. దానిమీద ఒక్కటే మాట ఉంది, అంతే. ఆ మాట "ఆయ్".

కోనసీమలో పుట్టినవాళ్ళకి ఈ మాట గురించి చెప్పక్కర్లేదు గానీ, పై ఊరివాళ్ళకి చెప్పాలి. ఎదటి మనిషి మాట్లాడుతుంటే మధ్యమధ్య "ఆయ్" అనడం మా వైపు మర్యాద. వింటున్నానండి అని దాని అర్థం. ఒక్కోసారి సరేనండి అని కూడా. ముఖం మీద "కుదరదు" అనడంకంటే గోదాట్లో దూకడం నయమనుకునే జనం కాబట్టి, కుదరని పనికి కూడా ఆయే. ఏ ఆయ్ ఎలాంటిదో ఇక్కడ పుట్టి పెరిగిన చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

లోవమ్మది మురమళ్ళ. పదమూడో ఏట పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దలు "వంటొచ్చా పిల్లా? పీచు తాడు పేనడం వచ్చా?" అని అడిగేరు. "ఆయ్" అంది. పిల్లాడు నచ్చేడా అని మాత్రం ఎవరూ అడగలేదు. అదృష్టం బాగుండి అప్పన్న మంచివాడే. కొబ్బరి దింపులకి వెళ్ళేవాడు. ఒక వానాకాలం తడిసిన చెట్టు మీంచి జారిపడి పోయేడు. పిల్లల్లేరు. ఇంట్లో అతని వాటా, అంటే వీధివైపు గదీ, పెరట్లో పెంటపోగు దాకా ఉన్న జాగా, లోవమ్మకి వచ్చేయి.

వచ్చేయనడం కాగితం మీద మాట. "వదినా, ముందు గదిలో నాలుగు కాయలు పోత్తన్నాను" అన్నాడు మరిది జగ్గారావు, అన్న పోయిన ఏడాదే. "ఆయ్" అంది లోవమ్మ. ఆ నాలుగు కాయలూ అటక దాకా పెరిగేయి. ఆవిడ చాప వెనక వసారాలోకి పోయింది. వంటా అక్కడే, పడకా అక్కడే, తాళ్ళు పేనడమూ అక్కడే. జగ్గారావు దుర్మార్గుడు కాడు పాపం. వదినకి జ్వరమొస్తే డాక్టరుని పిలుచుకొస్తాడు. ఆవిడకంటూ ఒక ఇష్టం ఉంటుందని అతనికి తట్టలేదంతే.

పందొమ్మిదివందల యాభై అయిదో సంవత్సరం, ఎండలు తగ్గిన కొత్తలో, హైస్కూలు సైన్సు మేష్టారు తాతారావు గారు ఒకమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చేరు. నూలుచీర, కాళ్ళకి బూట్లు, చంకలో నోటుపుస్తకం. పేరు కుసుమ. సిలోను పిల్ల. వాల్తేరు యూనివర్సిటీలో పెద్ద చదువు చదువుతోంది. కొబ్బరి మొవ్వుని తొలిచేసే కొమ్ముపురుగు మీద పరిశోధన. పది నెలలు ఈ తోటల మధ్యే ఉండాలి. ఉండడానికి గది కావాలి.

"లంక నుంచి వచ్చేరు లోవమ్మా" అన్నారు మేష్టారు.

"ఆయ్. ఏ లంకండి? ఊబలంకా?" అంది లోవమ్మ.

గోదావరి పాయల మధ్య ఉన్న ఊళ్ళే ఆవిడకి తెలిసిన లంకలు. కుసుమ పకపకా నవ్వి, "దానికంటే కొంచెం దూరం అండీ" అంది. వాల్తేరులో రెండేళ్ళు నేర్చుకున్న తెలుగు, పుస్తకంలోంచి కోసి పెట్టినట్టు ఉంది. అయినా ఆ నవ్వు లోవమ్మకి నచ్చింది.

అప్పటికే రెండు చోట్లు చూసొచ్చేరట. ట్రావెలర్స్ బంగళా శుభ్రంగానే ఉంది గానీ, ఏ ఆఫీసరు దిగినా పెట్టె సర్దుకుని బయటికి నడవాలి. మాణిక్యాలరావు గారి మేడగది మహారాజులా ఉంది. కిటికీ తీస్తే కాలవ గాలి. కాకపోతే వాళ్ళ హాల్లోంచే మెట్లెక్కాలి, సాయంత్రం ఎక్కడికి వెళ్ళిందీ చెప్పి వెళ్ళాలి, గదిలో పురుగు అన్నది కనపడకూడదు. పురుగుల కోసమే సముద్రం దాటొచ్చిన పిల్లతో ఆ మాట! అయినా శనివారంలోగా ఏ సంగతీ చెబితే గది ఉంచుతామన్నారు.

లోవమ్మ వాళ్ళ పెరట్లోకి వచ్చి పెంటపోగు చూడగానే కుసుమ కళ్ళు వెలిగిపోయేయి. పుల్లతో కెలికి, అరచేయంత తెల్లటి పురుగుని పైకి తీసి, "చూడండి, ఎంత బాగుందో!" అంది. కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది అక్కడేనట. పెంటపోగు చూసి మురిసిపోయిన మనిషిని లోవమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇంతలో వీధిలో మేష్టారి సైకిల్ని ఆవు పడగొడితే ఆయన అటు పరుగెత్తేరు. ఆ సందులోనే జరగాల్సింది జరిగిపోయింది.

"ఈ ముందు గది నాకు ఇస్తారా అండీ?"

"ఆయ్."

"కాయలు తీయిస్తారా?"

"ఆయ్."

"ఆదివారం రానా?"

"ఆయ్" అంది లోవమ్మ, మర్యాదగా, ఎప్పుడూ అన్నట్టే. కుసుమ నోటుపుస్తకం తెరిచి ఏదో రాసుకుంది.

గురువారం జగ్గారావు మెట్టు మీద కూచుని కాళ్ళు కడుక్కుంటూ, "వదినా, ముందు గది కొబ్బరి కొట్టు వీరవెంకటరమణ గారికి ఎండు కురిడీలు నిలవెయ్యడానికి ఇచ్చేత్తన్నాను. ఆదివారం కాయలు మారుత్తారు. నీకు వసారా ఉంది కదా" అన్నాడు. లోవమ్మ "ఆయ్" అంది. అది చెవిన పడింది గానీ, దానికోసం అతను ఆగలేదు. అప్పటికే లోపలికి వెళ్ళిపోతున్నాడు.

ఆదివారం పొద్దున్న ఒంటెద్దు బండి గుమ్మంలో ఆగింది. ట్రంకు పెట్టె, గాజు సీసాలు, వలగుడ్డ కట్టిన చెక్కపెట్టెలు. వెనకే సైకిలు మీద తాతారావు మేష్టారు. ఎదురుగా జగ్గారావు, కురిడీల బస్తాలు మోసుకొచ్చిన ఇద్దరు మనుషులు.

"ఎవరిచ్చేరండీ మాట?" అన్నాడు జగ్గారావు, కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

"లోవమ్మగారు ఇచ్చారు" అంది కుసుమ. నోటుపుస్తకం తీసి చదివింది. "లోవమ్మగారు. గది, ఆయ్. కాయలు, ఆయ్. ఆదివారం, ఆయ్."

బస్తాల మనుషులు గొల్లుమన్నారు. జగ్గారావు పై కండువా నోటికి అడ్డం పెట్టుకుని, "మా వదిన గోడమీద బల్లి పలికినా ఆయ్ అంటదండి అమ్మగారూ! దాన్ని కాయితమ్మీద ఎక్కిత్తే ఎలాగండి?" అన్నాడు. వీధరుగుల మీద వాళ్ళు కూడా లేచొచ్చి నవ్వేరు.

మేష్టారు తల పట్టుకున్నారు. "తప్పు నాదేనమ్మా. ముందే చెప్పవలసింది. మా వైపు ఆయ్ అంటే వింటున్నానని. అవునని ప్రతిసారీ కాదు. పోనీ, మేడగదికి వెళదాం పద."

"అది వద్దని చెప్పేశానండీ" అంది కుసుమ. "శుక్రవారమే. వేరే ఎవరికో ఇచ్చేశారు. పురుగులు గుడ్లు పెట్టే కాలం ఇదే. ఇప్పుడు వెనక్కి వెళితే నా ఏడాది పోతుంది." అని, నవ్వుతున్న వాళ్ళెవరినీ చూడకుండా లోవమ్మకేసి తిరిగింది. "మీరు ఇస్తాననలేదా అండీ?"

లోవమ్మకి తలెత్తాలంటే సిగ్గేసింది. ఆ పిల్ల చేతిలో తెరిచి ఉన్న పుస్తకం కేసి చూసింది. చదువు రాదు. అయినా అందులో మూడుసార్లు ఒకటే ఆకారం రాసి ఉందని తెలుస్తోంది. అది తన మాట. నలభై ఏళ్ళుగా కొన్ని వేలసార్లు అన్నది. తండ్రితో అంది, అత్తతో అంది, మరిదితో అంది. గాలికి పోయిందే తప్ప ఒక్కరూ పట్టుకోలేదు. ఈ పిల్ల పట్టుకుంది. దాన్ని నమ్మి మేడగది వదులుకుని, సామాను బండికెక్కించుకుని వచ్చేసింది. నవ్వుతున్నారు గానీ, నవ్వవలసింది ఈ పిల్లని చూసా, నన్ను చూసా అనుకుంది. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవలేదు.

"అన్నాను" అంది.

"ఏంటొదినా?" అన్నాడు జగ్గారావు.

"ఇత్తానన్నానయ్యా. అమ్మాయి గది అడిగింది, ఇత్తానన్నాను."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. జగ్గారావు కండువా మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "మరి గురువారం నాతో కూడా ఆయ్ అన్నావు కదా!"

"నువ్వడిగేవా జగ్గారావూ?" అంది లోవమ్మ. "నువ్వు చెప్పేవు. చెప్తే ఇన్నానని ఆయ్ అన్నాను. ఆ అమ్మాయి నన్నడిగింది. గది ఇత్తారా అని నన్ను అడిగింది."

లోవమ్మ కొంగు దోపుకుని గదిలోకి వెళ్ళి, ఒక కొబ్బరికాయ తీసి పెరట్లోకి విసిరింది. ఇంకొకటి. కుసుమ బూట్లు విప్పి పక్కన నిలబడింది. వాళ్ళ ఊళ్ళో కూడా కొబ్బరే కాబోలు, వరసలో కాయ అందుకోవడం ఆ పిల్లకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. పది కాయలు పోయేక తాతారావు మేష్టారు లాల్చీ చేతులు పైకి మడిచేరు. ఇరవై పోయేక జగ్గారావు కూడా వచ్చేడు, ముఖం గంటు పెట్టుకునే. "మెల్లిగా వదినా, పగులుతాయి" అన్నాడు.

కుసుమ పది నెలలు ఆ గదిలో ఉంది. సీసాల్లో పురుగుల్ని పెంచింది. సిలోను పద్ధతిలో కొబ్బరిపాల కూర వండి జగ్గారావు ఇంటికి కూడా పంపేది. వెళ్ళేముందు లోవమ్మకి పేరు రాయడం నేర్పింది. నేర్పమంటారా అని అడిగి మరీ నేర్పింది. బండి ఎక్కేటప్పుడు ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తరవాత వారానికి జగ్గారావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోవమ్మ ముందు గదిలోనే చాప పరుచుకుని తాడు పేనుతోంది.

"వదినా, గది ఖాళీయే కదా. రమణ గారు కురిడీలకి మళ్ళీ అడుగుతున్నారు. ఇమ్మంటావా?"

"ఆయ్" అంది లోవమ్మ, తాడు మీంచి చూపు తిప్పకుండా.

జగ్గారావు సంతోషంగా మెట్లు దిగేడు. నాలుగడుగులు వేసేడు. ఆగేడు. వెనక్కి వచ్చేడు.

"వదినా... ఏ ఆయ్ అది?"

"ఇన్నానని" అంది లోవమ్మ.