చౌడప్ప మామ వాచీకి నేను చేసిన వైద్యం

కట్నం దగ్గర పేచీ వచ్చి ఆగిపోయిన సంబంధాలు మీరు చూసుంటారు. జాతకాలు కుదరక ఆగిపోయినవీ చూసుంటారు. ఒక పాత వాచీ బాగుపడినందుకు మంటపంలోనే ఊడిపోబోయిన సంబంధం మాత్రం నాదొక్కటే. ఆ ఘనకార్యం చేసింది మరెవరో కాదు, పెళ్ళికొడుకునైన నేనే.

అప్పుడు నాకు పాత వాచీల పిచ్చి కొత్తగా పట్టింది. మాది చింతామణిలో ట్రాక్టరు సామాన్ల అంగడి. బేరం లేనప్పుడు ఫోనులో వీడియోలు చూసి వాచీలు విప్పడం నేర్చుకున్నాను. విప్పడం మాత్రమే. సంతలో కొన్న వాచీలు నా బల్ల మీద పేగులు బయటపెట్టుకుని పడి ఉండేవి. ఒకసారి స్ప్రింగు ఎగిరి అమ్మ పోపు గిన్నెలో పడింది. అది మా నాయన పంటి కింద దొరికింది. అయినా నేను మాత్రం ఎవరైనా అడిగితే, "వింటేజ్ వాచీలు రిస్టోర్ చేస్తుంటాను" అని గొంతు తగ్గించి చెప్పేవాణ్ణి. గొంతు తగ్గిస్తే గొప్పవాళ్ళ మాదిరి వినిపిస్తుందని నా నమ్మకం.

ఆ రోజుల్లోనే బాగేపల్లికి అనితను చూడడానికి వెళ్ళాం. నాకు అమ్మాయి నచ్చింది. అంతకంటే ముందు, సిగ్గు విడిచి చెబుతున్నాను, వాళ్ళ నాయన చౌడప్పగారి చేతి వాచీ నచ్చింది. కీ ఇచ్చి నడిపే పాత వాచీ, గ్లాసంతా గీతలు.

"మా మామ నా పెండ్లిలో కట్టినాడప్పా. మా ఇంటి ఆచారం. నిశ్చితార్థం నాడు తాంబూలాలు మార్చుకోగానే నీ చేతికి కడతాను" అన్నాడాయన.

టైమెంతయిందని మా నాయన అడిగాడు. చౌడప్ప మామ వాచీ చూసి, ఒక్క క్షణం పైకప్పు వైపు చూసి, అప్పుడు చెప్పాడు. చచ్చిపోయిన మామగారిని తలుచుకుంటున్నాడని నేను కరిగిపోయాను. వాచీలోకి తొంగిచూస్తే అర్ధగంట ముందుంది! ఇంకేముంది, నాలోని డాక్టరు లేచి కూర్చున్నాడు.

"మామా, ఈ వాచీ నాకిస్తే గ్లాసు తుడిచి తెచ్చిస్తాను."

కాఫీ గ్లాసులు తీస్తున్న అనిత మెల్లగా అంది: "మా నాయన వాచీ జోలికి పోవద్దు. ఈ ఇల్లంతా దాని మీదనే నడుస్తాండాది."

ఎంత ముచ్చటైన మాట అనుకున్నాను. అర్థం చేసుకునే పని మాత్రం పెట్టుకోలేదు.

ఇంటికి తెచ్చి విప్పాను, తుడిచాను, నూనె వేశాను. ఫోను చూసి సెకండుతో సహా టైము పెట్టాను. మరునాడు చూస్తే ఎక్కడా తప్పలేదు. అంటే దానికి అసలు జబ్బే లేదని మీకు తోచింది కదా? నాకు తోచలేదు. నా హస్తవాసి అనుకున్నాను. నిశ్చితార్థం ముందురోజు తీసుకెళ్ళి, "గ్లాసు తుడిచినాను మామా" అని మాత్రం చెప్పి ఇచ్చాను. అసలు సంగతి మంటపంలో, అందరి ముందర, నా చేతికి కట్టేటప్పుడు చెప్పాలని ఎత్తుగడ. దానికొక ఉపన్యాసం కూడా తయారు చేసుకున్నాను.

నిశ్చితార్థం చిక్కబళ్ళాపురంలో. ఇరువైపులవాళ్ళకీ మధ్యలో ఉంటుందని అక్కడ మంటపం మాట్లాడారు. శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం, ఆ లోపల తాంబూలాలు మారాలి. పదింబావయింది. ఆడపిల్లవాళ్ళు ఒక్కరూ లేరు. మా నాయన చెమటలు కక్కుతూ ఫోను చేశాడు.

"యాడ ఉండారప్పా?"

"దారిలో టీ తాగుతాండాము బావా! ఇంకా ముక్కాలు గంట టైముండాది. మీరేం గాబరా పడొద్దండి!"

మా నాయన ఫోను కిందపెట్టాడు. "టీ తాగుతాండారంట. మనమంటే అంత చులకన! లేవండప్పా, ఈ సంబంధం మనకొద్దు" అన్నాడు. అమ్మ తాంబూలం పళ్ళెం సంచిలో సర్దడం మొదలుపెట్టింది. అనిత దక్కదేమోనని నాకు నిజంగానే భయం వేసింది. ఈసారి వాచీ గుర్తుకే రాలేదు.

పదీ ముక్కాలుకు వ్యాను వచ్చింది. చౌడప్ప మామ నవ్వుతూ దిగాడు. "చూడు బావా, పావుగంట ముందే వచ్చినాము!"

"రాహుకాలంలోనా వచ్చేది?" అని గర్జించాడు నాయన.

"యాడప్పా రాహుకాలం? నా వాచీ చూడు. పదీ ముక్కాలు. అంటే పదింబావు!"

"అంటే ఏమప్పా అంటే? పదీ ముక్కాలంటే పదీ ముక్కాలే!"

"మా వాచీ ఎప్పుడూ అర్ధగంట ముందుంటుంది. నేను ప్రతి పనికీ ఆలస్యమని మా మామ అట్ల పెట్టి కట్టినాడు. మేమంతా అర్ధగంట తీసేసి చూసుకుంటాము."

ముందుకు పెట్టేదీ వాళ్ళే, తీసేసేదీ వాళ్ళే. మరి ముందు పెట్టడమెందుకని ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు. తాంబూలాలు మార్పించడానికి వచ్చిన అయ్యగారు తన ఫోను తీసి ఆయన ముందు పెట్టాడు. పదీ ముక్కాలు. చౌడప్ప మామ ఫోను చూశాడు, వాచీ చూశాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు ముఖం పెట్టాడు.

"అయ్యయ్యో, నా వాచీ సరిగ్గా ఉండాదే! ఎవుడప్పా దీన్ని చెడిపింది?"

నా ఉపన్యాసానికి సమయం వచ్చింది. "నేనే మామా. సరి చేసినాను" అన్నాను. అదొక్కటే వాక్యం బయటికి వచ్చింది.

"నేను చెప్తానే ఉండాను, ఫోనులో టైమైపోయింది నాయనా అని" అంది అనిత. "ఫోనుది కంపెనీవాళ్ళ టైము, నాది మా మామ టైమంటాడు!"

మా నాయన నా వైపు తిరిగాడు. "వీడు ఇన్ని వాచీలు చంపినాడు బావా. బతికించింది ఇదొక్కటే. అది మీ ప్రాణం మీదికే వచ్చింది. నా పంటి కింద స్ప్రింగు పెట్టినోడు వీడే!"

"స్ప్రింగా? చెప్పు బావా చెప్పు!" అంటూ చౌడప్ప మామ కుర్చీ లాక్కున్నాడు. రాహుకాలం పోయేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని నన్ను తిట్టారు. మధ్యాహ్నానికి వాళ్ళకంటే ఆప్తులు లేరు. సంబంధాన్ని నిలబెట్టింది నా తెలివితక్కువతనమే అని నేను ఇప్పటికీ వాదిస్తుంటాను, ఒప్పుకునేవాళ్ళు లేరు.

పన్నెండు దాటగానే తాంబూలాలు మారాయి. చౌడప్ప మామ వాచీ విప్పి, అందరి ముందర ముల్లు అర్ధగంట ముందుకు తిప్పి, "ఇప్పుడు బాగయింది" అని నా చేతికి కట్టాడు. అనిత నా చెవి దగ్గరికి వంగింది.

"పెండ్లయినాక నన్ను కూడా సరి చేస్తావా?"

"నీ జోలికే రాను తల్లీ" అన్నాను.

కాబట్టి మహాజనులారా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. అత్తగారింట్లో తిరిగేది గానీ, తిరగనిది గానీ, తప్పు తిరిగేది గానీ, ఏ వస్తువునూ బాగుచేయను. నేను ఈ ప్రతిజ్ఞ చేస్తున్న సమయం, నా చేతి వాచీ ప్రకారం, సరిగ్గా ఆరున్నర.

అంటే ఆరు.