టెంక దొరికింది, భయం పోలేదు

2022 జూన్ నెల. చిత్తూరు జిల్లాలో మామిడి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయలు మోసుకెళ్లే ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉండేవి. పూతలపట్టు నుంచి పాకాల వెళ్లే దారిలో నేను నడుపుతున్న పశువుల ఆసుపత్రి ముందు కూడా ఆ వరుస కనిపించేది. గాలి నిండా పులిసిన మామిడి వాసన.

మాది చిన్న ఆసుపత్రి. బయట రేకుల షెడ్డు కింద ట్రెవిస్ ఉంటుంది. పశువు కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రం అది. లోపల ఎక్స్‌రే యూనిట్, రక్త పరీక్షలు చేసే యంత్రం, ఆపరేషన్ గది, వీటితో పాటు అంతకు ముందు ఏడాది కొన్న పోర్టబుల్ అల్ట్రాసౌండ్ స్కానర్. ఎక్స్‌రే కుక్కలకు, దూడలకు బాగా పనికొస్తుంది కానీ పెద్ద ఆవు మెడలో ఇరుక్కున్న టెంకను అది సరిగ్గా పట్టుకోలేదు. స్కానర్ పట్టుకుంటుంది. అందుకే మామిడి సీజన్‌లో దానికి పని ఎక్కువ. ఫ్యాక్టరీ బయట పోసిన తొక్కల్ని, టెంకల్ని ఆవులు ఆబగా తింటాయి. టెంక గొంతు దిగక అన్నవాహికలో ఇరుక్కుంటుంది. దీన్ని చోక్ అంటాం. పశువు మింగలేదు, తేన్పు రాదు, కడుపులో గాలి నిండిపోతుంది, నోటి నుంచి చొంగ కారుతూనే ఉంటుంది.

ఆ రోజు ఎండ బాగా ముదిరాక ఒక టాటా ఏస్ వచ్చి ఆగింది. అందులో ఒక జెర్సీ ఆవు. దాని తాడు పట్టుకుని మస్తాన్, పక్కనే ఆయన భార్య నూర్జహాన్. పాకాలలో పరుపులు కుట్టే కుటుంబం వాళ్లది. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఈ ఆవును, దాని పెయ్యదూడను పెంచుకుంటున్నారు. దూడ పుట్టినప్పుడు కాన్పు చేసింది నేనే కాబట్టి ఇద్దరూ నాకు తెలుసు.

“నిన్నటి నుంచి మేత ముట్టలేదు మేడం,” అన్నాడు మస్తాన్. “నోట్లో నుంచి జొల్లు ఒకటే కారతా ఉండాది. ఫ్యాక్టరీ తొక్కలు తినింది. టెంక ఇరుక్కున్నట్టుండాది.”

“ఎవరైనా నోట్లో చెయ్యి పెట్టి చూశారా?”

“నేనే పెట్టినా,” అంది నూర్జహాన్. “మోచేయి దాకా పోనిచ్చినా. ఏమీ దొరకలా.”

ఆమె కుడిచేతి వేళ్లు చూశాను. దబ్బనం గుచ్చుకున్న గాయాలు కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. వాటి మీదుగా ఆవు పళ్లు గీరుకున్న ఎర్రటి చార ఒకటి. చొంగ ఆరిపోయి చెయ్యి మోచేతి దాకా తెల్లగా పొలుసు కట్టింది.

ఆమెను వెంటనే ఆవు దగ్గరి నుంచి పక్కకు రమ్మన్నాను. ఎందుకంటే మింగలేకపోవడం, చొంగ కార్చడం చోక్‌లోనే కాదు, రేబిస్‌లో కూడా ఉంటాయి. పిచ్చికుక్క కరిస్తే మనుషులకు వచ్చే జబ్బే పశువులకూ వస్తుంది. ఆవులో అది మొదట గొంతు కండరాలు చచ్చుబడేలా చేస్తుంది. చూసేవాళ్లకు ఏదో అడ్డం పడినట్టే అనిపిస్తుంది. మా వృత్తిలో కొత్తగా చేరిన వాళ్లకు పెద్దవాళ్లు మొదట చెప్పే జాగ్రత్త అదే, చొంగ కారుతున్న ఆవు నోట్లో వట్టి చెయ్యి పెట్టొద్దని.

“అక్కా, ముందు కొళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో చెయ్యి కడుక్కో. నేను చాలు అనేదాకా కడుగుతూనే ఉండు.”

“యాల మేడం?” అని అడుగుతూనే వెళ్లింది.

“ఈ మధ్య దీన్ని కుక్కేమైనా కరిచిందా భాయ్?”

“లేదు మేడం. కరిస్తే తెలీదా మాకు?”

మా కాంపౌండర్ చెంగల్రాయులు నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. ఇద్దరం భుజాల దాకా వచ్చే గ్లవ్స్, మొహానికి అడ్డంగా పారదర్శక కవచాలు తగిలించుకున్నాం. ఆవును ట్రెవిస్‌లోకి ఎక్కించాం. ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. ట్రోకార్ అనే బోలు సూదిని డొక్కలోకి దించి గాలి తీసేశాను. ఆవు ఊపిరి కాస్త తేలికైంది. తరవాత మెడ ఎడమ పక్కన వెంట్రుకలు గొరిగి, జెల్ రాసి స్కానర్ ప్రోబ్ ఆనించాను.

గొంతు కింద జానెడు దూరంలో తెర మీద వంకర తిరిగిన తెల్లటి గీత, దాని కింద నల్లటి నీడ. గట్టి వస్తువు ఉందని దానర్థం.

“టెంకే!” అన్నాడు చెంగల్రాయులు. ఆయన గొంతులో ఎంత సంతోషమో! నాకూ అంతే. మస్తాన్‌ను పిలిచి తెర చూపించాను. “ఇదిగో భాయ్, ఇక్కడ ఇరుక్కుంది.”

“అల్లా కాపాడినాడు,” అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

కొంచెం మత్తు ఇచ్చి, అన్నవాహికలోకి జారుడు ద్రవం పంపి, బయటి నుంచి రెండు బొటనవేళ్లతో టెంకను మెల్లగా పైకి తోస్తూ వచ్చాను. గొంతు దగ్గరికి వచ్చాక, నోరు తెరిచి ఉంచే ఇనుప పరికరం పెట్టి, పొడుగాటి పట్టుకారుతో చెంగల్రాయులు దాన్ని లాగాడు. పీచు అంటుకుని నల్లబడిన తోతాపురి టెంక సిమెంటు గచ్చు మీద పడి చప్పుడు చేసింది. రోడ్డు మీద ట్రాక్టర్ డ్రైవర్లు కూడా లోపలికి తొంగి చూసి నవ్వారు.

నేను మాత్రం ఆవు దగ్గరి నుంచి కదల్లేదు. మత్తు దిగాక దాని ముందు నీళ్ల బకెట్ పెట్టించాను. పాపం దాహంతో మూతి ముంచింది. నీళ్లు నోట్లోకి పోయాయి, అలాగే పక్కల నుంచి బయటికి కారిపోయాయి. మళ్లీ ముంచింది. మళ్లీ అంతే. ఒక్క గుటక కూడా దిగలేదు.

దీనికి సులభమైన సమాధానం ఉంది. టెంక చాలాసేపు ఇరుక్కుంటే గొంతు వాచి, ఒకటి రెండు రోజులు మింగడం కష్టం కావచ్చు. నేను అలాంటివి చాలా చూశాను. అది కాకపోతే రెండో సమాధానం. గొంతు ముందే చచ్చుబడి ఉంటే, తిన్న టెంక దిగలేక మధ్యలో ఆగిపోయి ఉంటే? అప్పుడు టెంక జబ్బు కాదు, జబ్బు తెచ్చిన ఇబ్బందుల్లో ఒకటి. నా దగ్గరున్న ఏ యంత్రమూ ఈ రెంటిలో ఏది నిజమో చెప్పదు. రేబిస్‌ను బతికున్న ఆవులో నమ్మకంగా తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. చనిపోయాక మెదడులోంచి తీసిన ముక్కలోనే అది తేలుతుంది.

నూర్జహాన్ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. “అయిపోయింది కదా మేడం, ఇంటికి తోలకపోవచ్చా?”

“ఆవును ఈ రోజుకు ఇక్కడే విడిగా కట్టేస్తాను. మీరిద్దరూ ఇప్పుడే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి కుక్కకాటు సూది వేయించుకోవాలి. అక్కకు గాయాలున్నాయి కాబట్టి ఆ గాయాల చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు. నేను చీటీ రాసిస్తాను.”

మస్తాన్ మొహం మారిపోయింది. “టెంక కనబడిందని మీరే చెప్తిరి. మీరే తీస్తిరి. మళ్లా కుక్క సూది యాల?”

“ఆవుకు ఇంకో జబ్బు ఉందేమో అని అనుమానం.”

“ఉండాదా, లేదా? అది సెప్పండి.”

“నాకు తెలీదు భాయ్.”

ఇన్నేళ్ల పనిలో ఆ మాట అంత బరువుగా ఎప్పుడూ అనలేదు. డాక్టరు నోట ఆ మాట వింటే మనుషులకు ధైర్యం పోతుంది. మస్తాన్ గొంతు తగ్గించి, “ఆ జబ్బు పేరు మా వీధిలో అనొద్దు మేడం. పాలు పోసేది ఆడే. టీ అంగడి వాళ్లు, పక్కింటోళ్లు అందరూ మా మీద పడతారు,” అన్నాడు.

నూర్జహాన్ బాధ వేరు. ఆమె కూతురు సత్యవేడులో అత్తగారింట్లో ఉంది. తొలి కాన్పు, మరుసటి రోజు ఆపరేషన్. తెల్లారి బస్సుకు వెళ్లాలి. “ఇప్పుడు సూదులేసుకుని జొరమొస్తే నా బిడ్డ కాడికి ఎట్లా పోయేది? పొయ్యొచ్చినాక వేసుకుంటా లే మేడం.”

ఆ క్షణం నాకు ఆమె మాట ఒప్పుకోవాలనే అనిపించింది. టెంక కళ్ల ముందే ఉంది. కుక్క కరిచిన ఆనవాలు లేదు. నా అనుమానం తప్పయితే ఒక తల్లిని అనవసరంగా హడలగొట్టిన దాన్నవుతాను. నిజమైతే? రేబిస్ లక్షణాలు మనిషిలో ఒకసారి మొదలయ్యాక కాపాడే మందు లేదు. ముందే వేసుకుంటేనే సూది పని చేస్తుంది. ఈ మాటలన్నీ ఆమెకు చెప్పలేక, ఆమె చెయ్యి పట్టుకుని, “అక్కా, నీ బిడ్డ దగ్గరికి నువ్వు వెళ్లాలి. అందుకే చెప్తున్నా. మొదటి సూది ఇప్పుడు వేసుకో, మిగతావి సత్యవేడులోనే వేస్తారు. నేనూ వేసుకుంటాను, చెంగల్రాయులన్న కూడా వేసుకుంటాడు. పద, అందరం కలిసే పోదాం,” అన్నాను.

మా వృత్తిలో ఉన్న వాళ్లం ముందుజాగ్రత్తగా ఆ టీకాలు వేసుకునే ఉంటాం. ఇలాంటిది ఎదురైనప్పుడు మళ్లీ వేసుకోవాలి. నేను కూడా వస్తున్నానంటే ఆమెకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు. నా కారులోనే వెళ్లాం. గాయాల చుట్టూ మందు ఎక్కిస్తున్నప్పుడు నూర్జహాన్ నొప్పికి పళ్లు బిగబట్టి నా భుజం పట్టుకుంది.

తిరిగొచ్చేసరికి ఆవు అరుస్తోంది. ఆ అరుపు విని నేను గేటు దగ్గరే ఆగిపోయాను. బొంగురుగా, గొంతు చీరుకుపోతున్నట్టు, ఆగకుండా. వెనక కాళ్లు తడబడుతున్నాయి. గొంతు వాపు ఒక్కటే అయితే ఇలా ఉండదు. చెంగల్రాయులు నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. మస్తాన్ మా ఇద్దరినీ చూసి అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాడు.

“రాణీ,” అని మెల్లగా పిలిచాడు. ఆవు పేరు అది. అది తల తిప్పలేదు.

రెండో రోజు ఆవు చనిపోయింది. మెదడు ముక్కను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి తిరుపతిలోని ప్రయోగశాలకు పంపాం. ఆవును లోతుగా గుంత తీయించి సున్నం పోసి పూడ్చాం. ఫలితం ఫోన్‌లో చెప్పారు. రేబిస్ ఉందని. అంతవరకు మనసులో ఎక్కడో నా అనుమానం తప్పు కావాలని కోరుకుంటూ ఉన్నాను.

ఆ తరవాత పని చాలా ఉంది. మస్తాన్ వద్దన్నా, ఆ వీధికి వెళ్లక తప్పలేదు. అయితే ఆయన ఇంటి ముందు నిలబడి కాకుండా, పాలు తీసుకున్న వాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్లి చెప్పాను. కాచిన పాలతో భయం లేదని, పచ్చిపాలు తాగిన వాళ్లు, ఆవు చొంగ తగిలిన వాళ్లు మాత్రం డాక్టరును కలవాలని. ఒకరిద్దరు కోప్పడ్డారు. టీ అంగడి ఆయన మాత్రం, “ఆళ్లేం చేస్తారమ్మా, వాళ్లింటి ఆవే పోయింది కదా,” అన్నాడు. దూడకు టీకాలు మొదలుపెట్టి, విడిగా కట్టించాం. కుక్క ఎప్పుడు కరిచిందో ఈ రోజుకీ ఎవరికీ తెలీదు. కొట్టం వెనక కంచె చిరిగి ఉండేది. ఏ మధ్యాహ్నమో ఇంట్లో వాళ్లు నిద్రపోతున్నప్పుడు కరిచి ఉంటుంది.

నూర్జహాన్ సత్యవేడు నుంచి ఫోన్ చేసింది. మొగపిల్లవాడు పుట్టాడట. ఆ మాట చెప్పి ఏడ్చింది.

“నేను వాణ్ని ఎత్తుకోలేదు మేడం. భయమేస్తా ఉండాది. నా చేతిలో ఏముండాదో!”

“నీ చేతిలో ఏమీ లేదక్కా. ఎత్తుకుంటే అంటదు. సూదులు సరిగ్గా వేసుకుంటున్నావు కదా?”

“వేసుకుంటానే ఉండా. పొద్దున లేస్తానే గ్లాసుడు నీళ్లు తాగి సూసుకుంటా. దిగితే ఆ రోజుకు బతికినట్టు.”

ఆమెకు చెప్పలేదు కానీ, ఆ వారమంతా నేను కూడా మంచినీళ్లు తాగేటప్పుడు గుటక మీదే ధ్యాస పెట్టాను. టీకాల మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. అయినా భయం నమ్మకాన్ని అడిగి రాదు కదా.

ఆమె అన్ని సూదులూ వేసుకుంది. ఏడాది దాటింది, ఇంకో ఏడాదీ దాటింది. మస్తాన్, నూర్జహాన్, చెంగల్రాయులు, నేను అందరం బాగున్నాం. దూడ పెద్దదై చూలు కట్టింది. మనవడిని చంకన వేసుకుని నూర్జహాన్ దాన్ని చూపించడానికి ఆసుపత్రికి వచ్చింది. వాడు ఆమె ముక్కుపుడక లాగుతుంటే కసురుతూ, మళ్లీ తనే నవ్వుతోంది.

పశువైద్యం నేర్చుకునే పిల్లలు మా ఆసుపత్రికి వచ్చినప్పుడు స్కానర్, ఎక్స్‌రే అన్నీ చూపిస్తాను. వాటి విలువ తక్కువ చేసి మాట్లాడను. ఆ రోజు స్కానర్ తప్పు చెప్పలేదు. టెంక ఉందంది, టెంక ఉంది. నేను అడిగింది అంతవరకే. ఆ టెంక అక్కడ ఎందుకు ఆగిందో అడగాల్సింది యంత్రాన్ని కాదు, నీళ్ల బకెట్ ముందు నిలబడ్డ ఆవును. అందుకే వాళ్లకు ఒకటే చెప్తాను. కారణం దొరికిందని అందరూ ఊపిరి పీల్చుకున్నప్పుడు, మీరు ఇంకొంచెం సేపు పశువు పక్కనే నిలబడండి. తెలియనిది మిగిలి ఉంటే తెలీదని చెప్పండి. అలా చెప్పి ఊరుకోవద్దు, మనుషుల చెయ్యి పట్టుకుని సూది దాకా తీసుకెళ్లండి.