తమ్ముడి ఊపిరి హైదరాబాద్‌లో ఉండగా

మా తమ్ముడి శవం తార్‌బహార్‌లో మా ఇంటి వరండాలో ఉంది. వాడి ఊపిరితిత్తులు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఉన్నాయి. ఆ రోజు మా ఇంట్లో జరిగిన రభసంతా దీని గురించే.

రైల్వే ఉద్యోగాల కోసం ఈ హిందీ ఊరికొచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం మేము; వాడూ గూడ్సు బండికి గార్డు. డ్యూటీ దిగి మోటారు సైకిల్ మీద వస్తుంటే ఊళ్ళోనే వ్యాపార్ విహార్ దగ్గర లారీ గుద్దింది. రాయ్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. బ్రెయిన్ డెడ్ అన్నారు. ఛాతీ లేస్తోంది, పడుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. చచ్చిపోయాడంటే ఏ తల్లి నమ్ముతుంది? "ఆ ఊపిరి మిషన్‌దమ్మా, వాడిది కాదు" అని చెప్పి చెప్పి అమ్మని ఒప్పించింది నేను. అవయవాలు ఇద్దామన్నదీ నేనే. అమ్మ సంతకం పెట్టింది. కిడ్నీలు, కాలేయం వెంటనే ఎవరెవరికో చేరిపోయాయి. ఊపిరితిత్తుల సంగతే తేలలేదు. వాటికి నీరు పట్టినట్టుందని, హైదరాబాద్‌లో మిషన్ మీద పెట్టి పరీక్షించాకే పనికొస్తాయో లేదో చెబుతామని అన్నారు.

పొద్దున్నకి శవం ఇంటికొచ్చింది, పాడె కట్టారు. నాన్న లేడు, తమ్ముడికి పెళ్ళి కాలేదు, నేను ఆడపిల్లని. కాబట్టి తలకొరివి మా చిన్నాన్న పెట్టాలి. ఆయన లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. అందరూ ఎత్తడానికి సిద్ధమవుతుంటే, ఊపిరితిత్తులు ఏమయ్యాయో కనుక్కోమని అమ్మ పట్టుబట్టింది. రాయ్‌పూర్ ఆసుపత్రివాళ్ళకి ఫోన్ చేసి నేను వేసిన కేకలకి తట్టుకోలేక, హైదరాబాద్‌లో ఈ వ్యవహారం చూసే అమ్మాయికి కలిపారు. అదృష్టమో ఖర్మో, తెలుగమ్మాయే. స్పీకర్ పెట్టాను.

"ఇప్పుడవి ఏటి చేస్తన్నారమ్మా?" అని అడిగింది అమ్మ.

ఆ పిల్ల ఓపిగ్గానే చెప్పింది. అద్దంలాంటి మూత ఉన్న పెట్టెలో పెట్టారట. గోరువెచ్చటి ద్రవం వాటి నాళాల్లో తిప్పుతూ, గొట్టంతో గాలి పంపుతున్నారట. మెత్తగా సాగుతున్నాయా, ఆక్సిజన్ పట్టుకుంటున్నాయా, ఇంకా నీరు ఊరుతోందా అని గంటల తరబడి చూస్తారట. అక్కడితో ఆగొచ్చుగా! "ప్రస్తుతానికి బాగానే ఊపిరి తీసుకుంటున్నాయమ్మా" అనేసింది.

అమ్మ లేచి వెళ్ళి పాడెకి అడ్డంగా గుమ్మంలో కూర్చుంది.

"ఊపిరాడతన్న గుంటడికి కొరివి పెట్టేస్తారేటి? నానొప్పుకోను."

నాకు ఒళ్ళు మండింది. "అది వాడి ఊపిరి కాదే, మిషన్‌ది! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అందరి ముందూ అరిచాను.

"రాయ్‌పూర్‌లోనూ మిషనే ఆడించింది. పోయాడన్నావు, నమ్మినాను. అక్కడా మిషనే ఆడిస్తంది. బాగానే ఊపిరి తీస్తన్నాయంటంది ఆ పిల్ల. ఏటే, ఏది నిజం?"

నేను చిన్నాన్న వైపు చూశాను. 

చిన్నాన్న వచ్చి అమ్మ ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "వొదినా, పొద్దు వాలిపోతాది. అవి పాసైపోయి ఎవరికో పెట్టేసినారనుకో, ఆ మనిషి బతికినన్నాళ్ళూ ఊపిరాడతానే ఉంటాది. అన్నాళ్ళూ వీణ్ణిలాగే ఉంచుతావేటి?"

"అప్పుడది ఆ బిడ్డ ఊపిరి బాబూ, మనది కాదు. ఇప్పుడు మధ్యలో ఉండిపోనాది. నువ్వు చెప్పు, రిలీవర్ రాకుండా, ఛార్జి అప్పగించకుండా ఎప్పుడైనా బండి దిగి ఇంటికొచ్చినావేటి?"

 చిన్నాన్న ఉద్యోగమంతా, తర్వాతి డ్రైవరు వచ్చి అందుకోకుండా బండి దిగని మనిషి. లేచి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. పంతులుగారు మాత్రం "అచ్ఛా, నాకింకో చోట పనుంది" అని రెండుసార్లు గొణిగారు. వెళ్ళి చూసుకుని రండి అన్నాను. కదల్లేదు. పక్కింటావిడ దీదీకి మతి చెదిరిందని హిందీలో ఎవరితోనో గుసగుసలాడింది. మా అమ్మని నేను తిట్టుకుంటాను, అది నా హక్కు. మధ్యలో ఈవిడెవరు? ఇంటికెళ్ళి పని చూసుకోమని మొహం మీదే చెప్పాను.

తర్వాత నేనూ వెళ్ళి అమ్మ పక్కన గుమ్మంలోనే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, అవి పాస్ కావాలని అమ్మకంటే నాకే ఎక్కువ ఆశ. ఇంత చేసింది వృథా కాకూడదు. మనసులో దేవుళ్ళందరినీ వరసగా బెదిరించాను.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది, మళ్ళీ స్పీకర్ పెట్టాను. ఆ అమ్మాయి హలో అన్న తీరులోనే నాకు తెలిసిపోయింది.

"సారీ అండీ. చాలా ప్రయత్నించారు. నీరు తగ్గలేదు, ఇంకా గట్టిపడ్డాయి. వీటిని పెడితే ఆ పేషెంట్‌కే ప్రమాదం. ఇప్పుడే మిషన్ ఆపేశారు."

ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. అక్కడెవరో ఆపరేషన్‌కి సిద్ధమై పడుకుని ఉంటారు. వాళ్ళకీ ఎవరో ఒకరు ఈ మాటే చెప్పాలి. అమ్మకి ఏదో ఒక అబద్ధం చెప్పేద్దామా అనిపించింది. కానీ స్పీకర్ ఆన్‌లోనే ఉంది, ఆవిడ అంతా వినేసింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

"ఆపినప్పుడు పక్కన మనిషెవరైనా ఉన్నారేటమ్మా?"

ఆ పిల్ల గొంతు తగ్గించి చెప్పింది.

"ఉన్నామమ్మా. డాక్టర్లున్నారు. నేనూ ఉన్నాను. గాలి పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడ్డాం."

అమ్మ గుమ్మంలోంచి లేచింది. పాడె ఎత్తమని చిన్నాన్నకి చేత్తో సైగ చేసి, ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"అయితే ఆడు పోయినప్పుడు దగ్గరున్నది నువ్వే. ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యమ్మా."

"అలాగేనమ్మా" అంది ఆ పిల్ల. 

"స్నానం చేసినాకే అన్నం తిను."