బెల్లంపల్లి గుట్టల్లో ఇరుకు సందు

ఈ ప్రయాణం అన్న అడగడంతో మొదలైంది. కొన్నేళ్ల కింద బొగ్గు బాయిలో పైకప్పు కూలి, ఒక పూటంతా బండల మధ్య ఇరుక్కుని బతికి బయటపడ్డాడాయన. అప్పటి నుంచి లిఫ్టు ఎక్కడు. తలుపు వేసిన గదిలో పడుకోడు. అలాంటి మనిషి ఫోన్ చేసి, "చెల్లె, మా దిక్కు గుట్టల్ల ఒక సందున్నది. ఒక్క మనిషి పట్టేటంతనే. నాతోని నడుస్తవా?" అన్నాడు.

కరీంనగర్‌లో పొద్దున్నే మంచిర్యాల బస్సు ఎక్కాను. అక్కడి నుంచి బెల్లంపల్లికి ప్యాసింజర్ రైలు. కాగజ్‌నగర్ వెళ్తున్న ఒక ముస్లిం పెద్దావిడ నేను పోయే చోటు విని, "ఎండిపోయిన వాగు చూడనీకి ఇంత పరేషానా బేటీ?" అని నవ్వి, జర జరిగి చోటిచ్చింది.

స్టేషన్ బయట అన్న ఆటో మాట్లాడి ఉంచాడు. గుట్ట కింది దాకా గంట ప్రయాణం. నీళ్లు, తిండి బెల్లంపల్లిలోనే కొనుక్కోవాలి, ఆపైన దుకాణాల్లేవు. వానాకాలంలో అసలే పోవద్దు. పైన ఎక్కడ వాన పడ్డా సందు నిండా వరదే.

వాగు ఇసుకలో నడుస్తుంటే రెండు పక్కలా ఎర్రని రాతి గోడలు లేచాయి. నీళ్లు కోసిన వంపులు నున్నగా ఉన్నాయి. పైన జానెడు ఆకాశం. గోడలు రెండు భుజాలకూ తగిలే చోట నా వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది.

అన్న ముఖమంతా చెమట. "నాతోని కాదు చెల్లె."

"వాపస్ పోదాం అన్నా. ఏం ఫికర్ లేదు."

ఆయన కదల్లేదు. గోడకు చెయ్యి ఆనించి, ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. "బాయిల నా జోడీ మల్లేశ్ లేడా? ఆ దినం బండ అవతల ఉండె. పిలిస్తే పలికిండు. మల్ల పిలిచిన, పలికిండు. ఆ తర్వాత పలుకలే."

సంచి భుజం మీంచి దించి చేత పట్టుకుని అన్నాను, "నేను ముంగట పోత. నువ్వు పిలుసుకుంట రా. నేను పలుకుత."

వంపు తిరిగేసరికి ఆయన కనబడకుండా పోయాడు.

"చెల్లె!"

"ఆఁ అన్నా!"

అడ్డంగా జరుగుతున్నాను.

"చెల్లె!"

"ఈడనే ఉన్న!"

ఒక్కోసారి పిలుపు ఆలస్యమయ్యేది. నేను ఆగేదాన్ని. మళ్లీ వినబడేది, ఇంకాస్త దగ్గరగా. చివరికి సందు విప్పారి ఎండ పడ్డ చోటికి అన్న ఒదిగి ఒదిగి వచ్చాడు. ఇసుకలో కూలబడి చాలాసేపు ఏడ్చాడు. పక్కనే కూర్చున్నాను. తర్వాత వదిన కట్టిచ్చిన పులిహోర తిన్నాం.

తిరుగు దారి గుట్ట మీదుగా ఉంది, మళ్లీ సందులోకి దిగనక్కర్లేదు. సాయంత్రం స్టేషన్లో రైలు కోసం చూస్తుండగా అన్న అన్నాడు, "రేపు మల్లేశ్ భార్య దగ్గరికి పోత. ఆఖరికి ఆయనేమన్నడో ఆమెకు జెప్పాలె. గిన్నేండ్లు జెప్పలే."

ఏమన్నాడని నేను అడగలేదు. ముందు వినాల్సింది ఆమె.

రైలు కదిలాక కిటికీలోంచి గుట్టలు నల్లబడుతూ కనిపించాయి. ఆ సందు చూడదగ్గదే, ఎవరడిగినా వెళ్లి రమ్మంటాను. ఒంటరిగా మాత్రం వెళ్లవద్దంటాను.