రద్దయిన మీటింగూ, ఎర్రబడిన కన్నూ

ఒక్క బటన్ నొక్కి సొంత కన్ను పోగొట్టుకోబోయిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఇవాళ మిమ్మల్ని రెండు కళ్లతో చూస్తున్నానంటే అందులో నా గొప్ప ఏమీ లేదు.

కొన్నేళ్ల కిందట నా కుడి కంటికి శుక్లం, గ్లకోమా అనే కంటి ఒత్తిడి జబ్బు, రెండింటికీ కలిపి ఒకేసారి ఆపరేషన్ చేశారు. పంపించేటప్పుడు డాక్టరమ్మ చుక్కల మందు చేతిలో పెట్టింది.

"సార్, కన్ను మంచిగ కనిపిస్తుందని మందు బంద్ చెయ్యొద్దు. లోపల వాపు రాకుండ కాపాడేది గీ చుక్కలే. ఎప్పుడు తగ్గించాల్నో నేను చెప్త."

"పగలు ఆఫీసుకి ఫోన్ చేసి గుర్తు చేస్తానండీ," అంది మా ఆవిడ వసంత.

"అక్కర్లేదు. అంతంత ప్రాజెక్టులు నడిపేవాణ్ణి, ఈ బుల్లి సీసాని నడపలేనా?"

మా ఐటీ వాళ్ల సంగతి మీకు తెలుసుగా, ఆకలేసినా క్యాలెండర్ చెబితేనే తింటాం. నేనూ చుక్కలని ఆఫీసు క్యాలెండర్లో మీటింగుగా పెట్టేశాను. నలుగురికీ తెలియడం దేనికని దాని పేరు 'బిజీ' అని రాశాను. గంట మోగగానే హైటెక్ సిటీ అద్దాల మేడలో కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, చుక్క వేసుకునేవాణ్ణి. ఏసీకి దండం పెడుతున్నానని అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఇంతలో ప్రాజెక్టు ఇచ్చేయాల్సిన గడువు నెత్తిమీదికొచ్చింది. క్యాలెండర్లో నువ్వుగింజ పట్టే చోటు లేదు. మేనేజరు బుర్ర కదా, పనికిమాలిన మీటింగులు ఏరడం మొదలుపెట్టాను. 'బిజీ' అని ఒకటి దొరికింది. వచ్చేది ఒక్కడే. మాట్లాడుకునేది ఏమీ లేదు. పైగా రోజుకిన్నిసార్లా! 'ఎవడు పెట్టాడ్రా దీన్ని' అని తిట్టుకుంటూ మొత్తం రద్దు చేసి పారేశాను. ఆ వెధవ నేనేనని తట్టలేదండీ!

గంట మోగలేదు, చెయ్యి సీసా దగ్గరికి వెళ్లలేదు. కన్ను మల్లెపువ్వులా ఉంది కాబట్టి నాకు గుర్తూ రాలేదు.

"చుక్కలు వేసుకుంటున్నారా?" అని వసంత అడిగితే, "అంతా క్యాలెండర్ ప్రకారమే!" అన్నాను దర్జాగా.

ఆ మల్లెపువ్వు కాస్తా కొద్దిరోజుల్లో మందారమైంది. వెలుతురు చూస్తే పోటు, ఆగకుండా నీళ్లు.

"అన్నా, కన్నేంది గంత ఎర్రగైంది? జర దవాఖానకు పోరాదే!" అన్నాడు మా టీములో ఉండే మియాపూర్ శ్రీకాంత్.

"ఏసీ గాలికి లేవోయ్. ముందు కాల్ కలుపు."

అది విదేశీ క్లయింటుతో వీడియో కాల్. పని ఆలస్యమవుతుందని నేను చెబుతుంటే కుడి కంట ధార కట్టింది. అవతలి క్లయింటు ఆవిడ కంగారుపడిపోయింది. "అయ్యో, అంత బాధపడకండి. ఇంకో రెండు వారాలు తీసుకోండి," అంది.

టీమంతా ఎగిరి గంతేసింది. "అన్నా, ప్రతి కాల్‌ల గిట్లనే ఏడ్వాలె నువ్వు!" అన్నాడు శ్రీకాంత్.

నేనూ నవ్వీ నవ్వీ ఎడమ కంట్లోనూ నీళ్లొస్తే తుడుచుకోబోయి దానికి చేయి అడ్డం పెట్టాను. అంతే, శ్రీకాంత్ మొహం మాయమైంది. కుడి కంటి ముందు ఒట్టి పొగ. నిజంగా భయపడ్డాను, దాచుకోవడం దేనికి?

ఫోన్ చేయగానే వసంత కొండాపూర్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో పరుగున వచ్చి ఆస్పత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ యంత్రంలోంచి చూసి నిట్టూర్చింది.

"లోపల బాగా వాపొచ్చింది. మందు ఎందుకు ఆపిన్రు?"

"ఆపలేదమ్మా... మీటింగు క్యాన్సిలైంది."

"ఏంది?"

వసంత చూసిన చూపుకి ఎడమ కన్ను కూడా ఎర్రబడిందేమో అనిపించింది.

"సార్, కంట్ల ఒత్తిడి తగ్గాల్నని లోపలి నీరు పోయేటందుకు మేం పెట్టిన దారి ఈ వాపుకు మూసుకపోతే, మళ్ల ఒత్తిడి పెరుగుతది. గ్లకోమాల పోయిన చూపు వాపస్ రాదు. నసీబు మంచిగుండి ఇయ్యాలన్న వచ్చిన్రు."

ఆ రోజు నుంచి చుక్కల మేనేజరు వసంత. నేను ఒట్టి కన్నుని. గంట గంటకీ ఫోన్ చేసి, "ఏమండీ, తల ఎత్తండి, నేను వింటున్నాను," అనేది. చుక్క పడిన చప్పుడు ఎలా వినిపిస్తుందో నాకు ఈనాటికీ తెలీదు. పొగ మెల్లగా విడిపోయింది. వసంత ముక్కుపుడక మళ్లీ స్పష్టంగా కనబడిన పొద్దున నేను ఏడ్చాను, ఈసారి రెండు కళ్లతోనూ.

మళ్లీ క్లయింటు కాల్ వచ్చింది. పని ఇంకా కాలేదు. గడువు కోసం దీనంగా మొహం పెట్టి, కుడి కంటి మీదే ఆశ పెట్టుకుని కూర్చున్నాను. చుక్క రాలితే ఒట్టు!

ఆవిడ మురిసిపోయింది. "మీ మొహం కళకళలాడుతోంది! అయితే శుక్రవారానికి ఇచ్చేస్తారన్నమాట!"

కనుక సర్వజనులకూ నా రెండు కళ్ల సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: నాతో నేను పెట్టుకున్న మీటింగుని ఇక ఈ జన్మలో రద్దు చేయను. రద్దు చేద్దామన్నా కుదరదు లెండి, ఇప్పుడు దాన్ని పెట్టింది వసంత.